గృహనిర్వహణము: ఇల్లలకగానే పండుగ యగునా?



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిన మాట మీరందఱు ఎఱిగినదే. కాని కట్టిన యింటిని బాగుచేయించుట క్రొత్తయిల్లు కట్టించుటకంటెను కష్టమని మా యనుభవము. క్రొత్తయిల్లు కట్టునప్పుడు మనము వేఱొకచోట నుండి, ప్రొద్దున నొకసారి, సాయంత్రమొకసారి పోయి చూచి వత్తుము. పాతయింటిని బాగుచేయించునప్పుడో, ఆ యింటనే వండవలెను, ఆ యింటనే పరుండవలెను, ఆ దుమ్ములోనే పిల్లలచేత చదివించవలెను. పని పురుషులు మాటలాడి కుదుర్చుదురు. పనిలోని ప్రతిదినమును గడపవలసినది మాత్రము ఇల్లాలు.

గడచిన వేసవిలో మేము మా యింటిని బాగుచేయించుకొంటిమి. అందు మాకు తెలిసివచ్చిన సంగతులను, మేము చేసిన పొరపాట్లతో సహా, ఈ మాసము ముచ్చటింపదలచితిమి. పొరపాట్లను దాచుకొని మంచిమాటలు మాత్రమే వ్రాసినచో చదువరులకు కలుగు మేలు కొంచెమే.

మా యిల్లు కోనసీమలో నొక గ్రామమున నున్నది. మా మామగారి తండ్రిగారు కట్టించినది. నడుమ మండువా, చుట్టును వసారాలు, పైని పెంకులు, గానుగసున్నముతో కట్టిన యిటుకగోడలు. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో పెంకులు సగమునకు పైగా ఎగిరిపోయినవని మా అత్తగారు ఇప్పటికిని చెప్పుచుందురు. ఆనాడు దొరికిన పెంకులతో, దొరికిన మనుష్యులతో తొందరగా నేయించిన కప్పే మొన్నటివఱకు నిలిచినది.

మా రెండు పొరపాట్లు

మూడేండ్ల క్రిందట మా పడమటింటి గోడ మోకాలెత్తు వఱకు నెమ్మెక్కి సున్నము రాలుచుండెను. సంక్రాంతికి చుట్టములు వత్తురుగదా, చూచి ఏమనుకొందురో యని, ఆ గోడకు సిమెంటుపూత పూయించి, దానిమీద నిగనిగలాడు రంగు వేయించితిమి. పదునెనిమిది వేల రూపాయలైనవి. వచ్చినవారందఱు మెచ్చుకొనిరి. మఱుసటి శ్రావణమునకు రంగు బుడగలెత్తెను. ఆ పైయేడు సిమెంటుపూత పలకలు పలకలుగా ఊడిపడెను. మోకాలెత్తుననున్న నెమ్ము నడుమెత్తునకు ఎగబ్రాకెను.

కారణము తరువాత తెలిసినది. సున్నపుగోడ చెమ్మను పీల్చును, మరల గాలికి విడుచును. దానిమీద సిమెంటుపూత, చమురురంగు పూసినచో లోని చెమ్మకు బయటికి వచ్చు దారి లేక పైకి ప్రాకును. నీటితోకూడ వచ్చిన ఉప్పు పూతవెనుక పేరుకొని పూతనే నెట్టివేయును. మేము రోగమునకు మందు వేయక, రోగి ముఖమునకు పసుపు రాచితిమి.

రెండవ పొరపాటు ఇంతకంటె పెద్దది. ఆ సంక్రాంతికే పెరటివైపు మెట్లకు అద్దమువలె మెఱయు పలకలు పఱపించితిమి. నిరుడు కార్తికమాసములో ముసురు పట్టిన ఒక రాత్రి మా అత్తగారు పెరటిలోని మరుగుదొడ్డికి పోవుచు ఆ మెట్లపై జాఱిపడిరి. కుడిచేతి మణికట్టు విఱిగెను. మయసభలో దుర్యోధనుడు నీటిని నేలయని భ్రమించి పడిన కథను చిన్ననాట మా తండ్రిగారియొద్ద చదువుకొని నవ్వియుంటిమి. మా పెరటిమెట్లను మయసభగా చేసినది మేమేయని ఆ రాత్రి తెలిసినప్పుడు నవ్వు రాలేదు.

అత్తగారు మమ్ము ఒక్కమాటయు అనలేదు. కట్టు కట్టించుకొని వచ్చి మంచముమీద కూర్చున్న పిమ్మట, "అమ్మాయీ, మెట్లకు అద్దాలు వేయించావు, అక్కడో దీపం వేయించడం మరిచిపోయావే" అని మాత్రము అనిరి.

పడగొట్టుటయా, నిలుపుటయా?

సంగతి తెలిసి మా మఱది హైదరాబాదునుండి వచ్చెను. "వదినా, పాత కొంపమీద డబ్బు పోయడం బూడిదలో పోసిన పన్నీరే. పడగొట్టి శ్లాబు వేసేద్దాం" అని అతని మాట. ఆ మాట ప్రేమతో అన్నదే. మావారు ఏమియు అనక కాగితమును పెన్సిలును తీసికొనిరి. క్రొత్తయిల్లన్నచో అప్పు తప్పదు. మాకు బ్యాంకులో నున్నది నాలుగు లక్షల రూపాయలు. అదియు మా పెద్దమ్మాయి పైచదువునకై ఏడేండ్లుగా కూర్చినది.

అప్పుడు అత్తగారు, "ఇల్లు పడగొట్టొద్దురా అబ్బాయీ. అది నన్ను పడగొట్టకుండా చూడండి, చాలు" అనిరి. మా పని యంతటికిని ఆ మాటయే సూత్రమైనది.

అయినను మాటమీద ఇల్లు నిలువదుగదా! కట్టడములు తెలిసిన ఇంజనీరు నొకరిని పిలిపించి, రుసుము చెల్లించి, ఇల్లంతయు చూపించితిమి. ఆయన దూలములను సుత్తితో తట్టి, మొనగల పనిముట్టుతో గ్రుచ్చి, గోడలలో బీటలున్నవేమో చూచి, "గోడలు, దూలములు గట్టివే, చెడినది కప్పు, నీరు పోవు దారి" అని చెప్పిరి. సోదరీమణులారా, పడగొట్టుటకు గాని, గోడ తొలగించుటకు గాని, పెంకులు తీసి శ్లాబు వేయుటకు గాని ముందు ఇట్టి పరీక్ష తప్పక చేయింపుడు. ఏ గోడ బరువు మోయుచున్నదో కంటికి తెలియదు. అతిథి గదికని గోడ తీసి, పైకప్పునకు ఎసరు తెచ్చుకొన్నవారు కలరు.

మూడు వరుసల పుస్తకము

ఇంక ఏమేమి చేయవలెనన్న ప్రశ్న. ఇంటిలో ప్రతివారికిని ఒక కోరిక కలదు. మావారికి పుస్తకముల బీరువా, పెద్దమ్మాయికి చదువుకొనుటకు కిటికీప్రక్క బల్ల, చిన్నవానికి గోడమీద విమానము బొమ్మ. మాకు వంటయింటి ఉత్తరపు గోడకు ఒక కిటికీ. పదునాలుగేండ్లుగా ఆ గోడవైపు తిరిగియే వండుచున్నాము.

పిల్లవాని నోటుపుస్తకములో ఒక పుటను మూడు వరుసలుగా గీసితిమి. మొదటి వరుసకు ప్రాణభయము, రెండవదానికి నీటిబాధ, మూడవదానికి ముచ్చట అని పేర్లు పెట్టితిమి. అత్తగారి గదికి ఆనుకొని స్నానశాల, వెనుకటి మెట్లు, ఎర్తు లేని పాత విద్యుత్తు తీగలు మొదటి వరుసలో చేరినవి. కప్పు, పడమటిగోడ నెమ్ము రెండవదానిలో చేరినవి. బీరువా, బల్ల, బొమ్మ, కిటికీ మూడవదానిలో పడినవి. మొదటి రెండు వరుసలు ముగియక మూడవదానిపై ఒక్క రూపాయియు వెచ్చింపరాదని నిర్ణయము. ఈ నిర్ణయము చేసినది మేమే గనుక మా కిటికీని మా చేతితోనే మూడవ వరుసలో వ్రాసితిమి.

సొమ్ము లెక్క ఇట్లు కుదిరినది. మా మఱది ఒక లక్ష ఇచ్చెను. అమ్మాయి చదువు సొమ్ములోనుండి రెండు లక్షలకు మించి తీయరాదనుకొంటిమి. ఈ మూడు లక్షలలో పనులకు రెండున్నర లక్షలు. తక్కిన ఏబదివేలు తెలియని ఖర్చునకు వేఱుగా ఉంచితిమి. రెండున్నర లక్షలలో స్నానశాలకును మెట్లకును 95,000, కప్పునకు 70,000, తీగలకు 45,000, నెమ్ముగోడకు 25,000, చెత్త యెత్తివేయుటకును పనివారి కాఫీఫలహారములకును 15,000. పాతయిల్లు మూసినపెట్టె వంటిది. తెఱచువఱకు అందేమున్నదో తెలియదు. కావున ఆఱవవంతైనను చేతిలో నుంచుకొనక పని మొదలిడరాదు.

కాలము, ఒప్పందము

పెంకులు దింపు పనికి కాలమే ప్రాణము. మా ప్రాంతమున సంక్రాంతి వెళ్ళినది మొదలు రోహిణికార్తె వఱకే ఎండకాలపు భరోసా. మృగశిరకార్తె ప్రవేశించునప్పటికి ఇంటిమీద ఆకాశము కనబడరాదు. మావారికి వేసవి సెలవులని పని మొత్తము అప్పటికే ఉంచినచో సరిపోదనుకొని, గోడ పూత ఒలుచు పనిని మాఘమాసములోనే చేయించితిమి. ఒలిచిన గోడ మూడు మాసములు ఎండకు, గాలికి ఆఱవలెను గదా!

మేస్త్రితో మాటలాడునప్పుడు ఒక సంగతి గ్రహించితిమి. కొలతకు అందు పని గుత్తకు ఇయ్యవచ్చును. లోపలి సంగతి తెలియని పని రోజుకూలికి ఇచ్చుట మేలు. స్నానశాల కొలత మనకు తెలుసును, కావున గుత్త. కప్పులో ఎన్ని వాసములు చెడినవో ఎవరికిని తెలియదు. గుత్తకిచ్చినచో మేస్త్రి నష్టపడి చెడినవాటినే మరల కప్పివేయును, లేదా మనము నష్టపడుదుము. కావున రోజుకూలి.

ఒప్పందము ఒక కాగితముమీద వ్రాసితిమి. ఏ పని, ఎంత కొలత, ఏ సరకు ఎవరు తేవలెను, చెత్త ఎవరు ఎత్తవలెను, ఎప్పుడెంత సొమ్ము. ముందుగా పదియవవంతు. పిమ్మట పని ముగిసిన కొలది మూడుసార్లు. కడపటి పదియవవంతు తొలకరి వాన కురిసి, ఇల్లు కాఱలేదని తేలిన పిమ్మట. ఈ కడపటి మాట విని మేస్త్రి మొగము చిన్నబుచ్చుకొని, "అమ్మగారండీ, మామీద నమ్మకం లేదేటండి?" అనెను. "నమ్మకము లేకున్న కప్పు విప్పనిత్తుమా? బడిలో మాస్టారు కూడ చదువు చెప్పిన తరువాతనే గదా పరీక్ష పెట్టుదురు" అంటిమి. అతడు నవ్వి, "ఆయ్, అలాగేనండి, వానే మార్కులు వేస్తుంది" అనెను.

పనుల వరుస

పనులు పైనుండి క్రిందికి నడువవలెను. మొదట కప్పు, పిమ్మట గోడలు, గోడలలోని తీగలు, గొట్టములు, ఆపై పూత, నేల, అన్నిటికిని కడపట రంగు. ఈ వరుస తప్పినచో చేసిన పనినే పగులగొట్టి మరల చేయవలసి వచ్చును. గోడలలో తీగలు, గొట్టములు అమర్చిన పిమ్మట, పూత పూయకముందు, ప్రతిగోడకును కొలబద్దను ఆనించి సెల్‌ఫోనుతో ఛాయాచిత్రము తీసి దాచుకొనుడు. రేపు మేకు కొట్టునప్పుడు అది వేయి రూపాయల విలువ చేయును.

పెంకులను ఒక్కొక్కటిగా దింపి, పాచి కడిగి, వ్రేలిమడమతో తట్టి చూచితిమి. మంచి పెంకు కణకణ మ్రోగును. బీట కలది బొద్దుగా పలుకును. ఈ పని అత్తగారు ఎడమచేతితో తామే చేసిరి. క్రొత్తపెంకులు కొనబోవునప్పుడు పాతపెంకు నొకదానిని వెంట కొనిపోవలెను. మంగుళూరు రకపు పెంకులు మంగుళూరులో బేసెలు మిషనువారు 1865లో పెట్టిన కర్మాగారముతో మొదలైనవి. తరువాత చాలచోట్ల చేయబడినవి. అన్నిచోట్లను అచ్చు ఒక్కటి కాదు. గాడి కలియనిచో నీరు లోనికి వచ్చును.

పెంకులు దింపగా మూసినపెట్టె తెఱచుకొనెను. పడమటివైపు గోడమీద పడిన దూలము, రెండు తాటివాసములు పైకి గట్టిగా కనబడుచు లోపల చెదచే డొల్లలైయుండెను. లక్కయింటి మెఱుగు వంటిదే వాటి గట్టితనము. నేలనుండి నెమ్ముగోడ వెంబడి మంటిగీతలు గీచుకొనుచు చెద పైకి ఎక్కినది. చూచితిరా! మేము రంగు పూసి దాచిన నెమ్మే కప్పును తినివేసినది. కఱ్ఱ మార్చుటకును చెదమందునకును 32,000 అయినవి. వేఱుగా ఉంచిన ఏబదివేలు లేకున్నచో పని నడిమంత్రమున ఆగి, రోహిణికార్తెలో కప్పులేని యింట కూర్చుండెడివారము.

నెమ్మునకు మూలము వెలుపల దొరికెను. ఏటేట పెరటిలో పోసిన మన్ను ఇంటి పునాది అంచును దాటి పెరిగినది. చూరునీరంతయు అక్కడనే నిలిచి గోడలోనికి ఊఱుచున్నది. మన్ను జానెడు లోతు తీసివేసి, గోడనుండి వెలుపలికి వాలు పెట్టి, చూరునీరు మండువా తూమునీటితో కలిసి కాలువలోనికి పోవునట్లు చేయించితిమి. ఆఱిన గోడకు మరల సున్నపుపూతయే పూయించి, పైని సున్నమే వేయించితిమి. నెమ్ము కనబడినచో మొదట గోడను గాక, గోడ వెలుపలి నేలను చూడుడని మా మనవి.

సరకు పరీక్ష

సిమెంటు బస్తామీద అది తయారైన వారము, సంవత్సరము అచ్చువేసి యుండును. మూడు మాసములు దాటినది తీసికొనకుడు. నిలువయున్నకొలది బలము తగ్గును. బస్తాలను నేలపై గాక చెక్కలపై, గోడకు అడుగుదూరమున పేర్చవలెను. ఇసుకను పరీక్షించుట ఇంటిలోనే చేయవచ్చును. గాజుసీసాలో సగము ఇసుక, మిగిలినది కొంచెము ఉప్పు కలిపిన నీరు పోసి, బాగుగా కుదిపి, కొన్నిగంటలు కదల్పక ఉంచిన ఇసుక అడుగున, మన్ను దానిపైని పేరుకొనును. ఆ మంటిపొర నూటికి 8 వంతులు మించినచో ఆ యిసుకను త్రిప్పి పంపవలెను. మేము ఒక బండిని ఇట్లే త్రిప్పి పంపితిమి. బండివాడు సీసాను చూచి మాఱుపలుకక తీసికొనిపోయెను.

సిమెంటుపూతకు కనీసము ఏడుదినములు తడి ఆఱనీయరాదు. మేస్త్రి పనివారు సాయంత్రము వెళ్ళిపోవుదురు. ప్రొద్దున, రాత్రి నీరు చల్లవలసినది ఇంటివారే. ఈ పని పిల్లలకు అప్పగించితిమి. మా చిన్నవాడు ఇంత ఇష్టముగా చేసిన పని వేఱొకటి లేదు.

స్నానశాల, తీగలు

అత్తగారి స్నానశాల విషయమున ఇంతకుముందు నేర్చిన పాఠమును మఱువలేదు. గరుకుపలకలే వేయించితిమి. దుకాణములో పలకమీద నీరు పోసి, చెప్పులు విడిచి నిలిచి చూచితిమి. దుకాణమువారు వింతగా చూచిరి, చూడనిండు. నేల వాలు అడుగునకు పావు అంగుళము. తలుపు వెలుపలికి తెఱచుకొనవలెను. లోపల పడినవారు తలుపునకు అడ్డుగా నున్నచో లోనికి తెఱచుకొను తలుపు తీయ వీలుండదు. గడపకు బదులు పల్లమైన వాలు. గోడకు ఇరుప్రక్కల పట్టుకొను కడ్డీలు. వాటిని పలకకు గాక గోడలోని ఇటుకకు బిగింపవలెను. దీపము మీట మంచమునుండి చేయిచాచిన అందవలెను.

పలకలు పఱవకముందు తూము మూసి, నేలమీద నీరు నిలిపి ఒక పగలు ఒక రాత్రి ఉంచితిమి. నీటిమట్టము తగ్గలేదని తేలిన పిమ్మటనే పలకలు. ఇది చేయించుటకు మేస్త్రిని బ్రతిమాలవలసి వచ్చినను మానకుడు. మరుగుదొడ్డి నీరు ఇంకు గుంట త్రాగునీటినూతికి 18 మీటరులు, అనగా సుమారు 20 గజములు, దూరముగా ఉండవలెను. నీరు పైననే దొరకు మా కోనసీమ వంటి చోట ఈ నియమము మఱింత ముఖ్యము.

తీగల పని లైసెన్సు గలవానికే ఇచ్చితిమి. ప్రతిమీటకును మూడవ తీగ, అనగా ఎర్తు, వేయించి, ఆరంభముననే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అను మీటను పెట్టించితిమి. తడిచేతితో ముట్టి కరెంటు దేహములోనికి పోవునప్పుడు అది తనంతట తానే పడిపోయి ప్రాణమును కాపాడును. నెలకొకసారి దానిపైని పరీక్షమీటను నొక్కి చూడవలెను. పట్టుచీర ఖరీదు కూడ కాని వస్తువది.

పని నడుచునప్పటి సంసారము

వంటయింటి కప్పు దింపిన తొమ్మిదిదినములు ముందరి అరుగుమీద తడకలు కట్టి వంట చేసితిమి. పని కుదుర్చుకొన్ననాడు ఎన్నియో మాటలు వచ్చినవి గాని, ఆ దినములలో వంట ఎక్కడయని ఎవ్వరును అడుగలేదు. ఆ ప్రశ్న మనమే ముందుగా అడుగవలెను. బియ్యము, పప్పులు డబ్బాలలో మూతలు బిగించి, పుస్తకములు, పరుపులు దుప్పట్లలో మూటగట్టి ఒక్కగదిలో చేర్చి, ఆ గదిపని కడపటికి ఉంచవలెను.

పాతతలుపుల రంగు గోకునప్పుడు పిల్లలను దగ్గఱకు రానీయకుడు. పూర్వపు రంగులలో సీసము మెండు. ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల వంతులలో 90 వంతులు మించరాదన్న నియమము మన దేశమున 2017 నవంబరు 1వ తేదీనుండియే అమలునకు వచ్చినది. కావున పాతరంగును పొడిగా గీకక, తడిపి గీకించి, రాలినదానిని తడిబట్టతో తుడిచి పాఱవేయవలెను.

ప్రతిసాయంత్రము నోటుపుస్తకములో ఆనాడు ఎందఱు వచ్చిరి, ఏ సరకు ఎంత వచ్చెను, ఎంత వాడిరి, ఎంత సొమ్మిచ్చితిమి అని వ్రాసి మేస్త్రిచేత చదివించితిమి. మధ్యాహ్నము అందఱికిని చల్లని మజ్జిగ ఇచ్చితిమి. లెక్క ఖండితముగాను, మాట మెత్తగాను ఉన్నచో పనివారు మనయింటిని తమయింటివలె చూచుకొందురు.

తొలకరి

రోహిణికార్తె నాలుగుదినములుండగా పని ముగిసెను. ఏబదివేలలో పదునెనిమిదివేలు మిగిలినవి. "ఆ డబ్బుతో అమ్మాయి కిటికీ పెట్టించరా" అని అత్తగారు మావారితో అనిరి. మేమే వలదంటిమి. మిగిలిన సొమ్ము పెద్దమ్మాయి ఖాతాలోనికే పోయెను. కాని మేస్త్రి ఆ మాట వినియుండెను కాబోలు. పెరటి కొట్టు తీసివేయగా వచ్చిన పాత టేకుకిటికీ ఒకటి గోడకు ఆనించి యుండగా దానిని చూపి, "ఇది పడేస్తారేటండి? ఒక్క రోజుకూలి ఇవ్వండి, ఆ గోడకు ఎక్కించేస్తాను" అనెను. గోడను కోయవచ్చునా యని ఇంజనీరునడిగి, పైని ఒక రాతిబద్ద పెట్టించి, ఒక్క రోజుకూలితో కిటికీ పెట్టించితిమి. దానికి రంగు లేదు; ఒక రెక్క కొంచెము బిగువు. ఇప్పుడు వండుచు పెరటిలోని కొబ్బరిచెట్లను చూచుచున్నాము.

మృగశిర ప్రవేశించిన మూడవరాత్రి తొలకరి కురిసెను. అందఱమును దీపములు పట్టుకొని కప్పు చూచుచు తిరిగితిమి. పడమటిగోడ పొడిగా నున్నది. మండువా ఈశాన్యమూలలో, రెండు కప్పులు కలియుచోట వేసిన రేకు అంచున, బొట్టుబొట్టుగా కాఱుచుండెను. మఱునాటి ప్రొద్దుట మేము కబురు పంపకమునుపే మేస్త్రి గొడుగుతో వచ్చి, "ఎక్కడ కారిందండి?" అని అడిగెను. రేకును ఇంకొక జానెడు పెంకులక్రిందికి జరిపి సరిచేసెను. రెండవవానకు చుక్కయు రాలేదు. ఆనాడే అతని పదియవవంతు చెల్లించితిమి.

ఆ రెండవవాన రాత్రి మేము మేలుకొనియుంటిమి. నడిరేయి అత్తగారి గదిలో దీపము మీట నొక్కిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, కొంతసేపటికి మరల మంచము కిఱ్ఱుమన్న చప్పుడు వినబడినవి. ఆరుమాసములుగా ఆమె మమ్ము లేపకుండ లేచినది అదే మొదటిసారి. ఇల్లలకగానే పండుగ కాదన్న పెద్దలు పండుగ ఎప్పుడో చెప్పలేదు. మాకు మాత్రము ఆ రాత్రియే పండుగ.

కావున సోదరీమణులారా, మీ యింట పని తలపెట్టునప్పుడు రంగుల పుస్తకము తెఱచుటకుముందు మూడువరుసల పుస్తకము తెఱవుడు. ఇంట అందఱికంటె బలహీనులైనవారు రాత్రివేళ ఎక్కడ అడుగుపెట్టుదురో, వాననీరు ఎక్కడ నిలుచునో, ఆ రెండుచోట్లనుండి పని మొదలుపెట్టుడు. ముచ్చటలు కొంచెము ఆలస్యమైనను వచ్చును. పాతకిటికీ రూపమున నైనను వచ్చును.